దోమలకు నూనెలు: మూడు వానాకాలాలు వాడాక

హనుమకొండలో వడ్డేపల్లి చెరువుకు దగ్గర్లో మా ఇల్లు. సాయంత్రం ఆరయిందంటే తలుపులు మూసుకోవాల్సిందే. పాపకు కాయిల్ పొగ పడదు, వెలిగిస్తే రాత్రంతా దగ్గు. అందుకే సిట్రొనెల్లా (నిమ్మగడ్డి లాంటి ఒక గడ్డి నుంచి తీసే నూనె), లవంగ, నీలగిరి నూనెలు తెచ్చి మొదలుపెట్టాను, ఇది మూడో వానాకాలం. "సహజమైనవి కదా, ఏమీ కాదు" అనే మాట నమ్మే నేనూ దిగాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సిట్రొనెల్లా పని చేస్తుంది, ఆ మాట గట్టిగా చెప్తాను. 50 మి.లీ. కొబ్బరి నూనెలో 20 చుక్కలు కలిపి కాళ్లకు, చేతులకు రాసుకుంటే అరుగు మీద హాయిగా కూర్చోవచ్చు. కానీ గంటసేపే. ఈ నూనెలు ఇట్టే ఆవిరైపోతాయి, ఆ వాసన పోయిందంటే దోమకు మన ఒంటి వాసన, మన ఊపిరి మళ్లీ దొరుకుతాయి. చెమట పట్టే రోజుల్లో గంట కూడా ఆగదు. రాసుకుని పడుకుంటే తెల్లారేదాకా కుట్టవు అనుకోకండి, రాత్రికి దోమతెరే. కొనేటప్పుడు ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఆరిపోయాక జిడ్డు మరక అలాగే ఉంటే అందులో వేరే నూనె కలిపారని అనుమానించాలి. నేను మొదట కొన్న సీసా అలాంటిదే, రెండు నెలలు దాన్నే రాసి "ఏం పని చేయట్లేదు" అనుకున్నాను.

లవంగ నూనె ఏమీ కలపకుండా ఒకసారి చేతికి రాసుకుంటే మంట పుట్టి రెండు రోజులు ఎర్రగా ఉంది. నీలగిరి, కర్పూరం చిన్న పిల్లలకు అసలు అందనివ్వకండి, పొరపాటున కడుపులోకి వెళ్తే ఫిట్స్ రావచ్చు.

ఖాళీ అయిన దోమల లిక్విడ్ మెషీన్ సీసాలో వేప నూనె, కర్పూరం పోసి పెట్టడం కూడా చేశాను. వేప నూనె చిక్కన, వత్తి పూడుకుపోయి మాడు వాసన వచ్చింది. కరెంటు వస్తువుతో ఆ పని వద్దు.

లవంగ నూనెలో కొంచెం లిక్విడ్ సబ్బు, నీళ్లు కలిపి స్ప్రే బాటిల్‌లో పోసి బాత్‌రూం గోడ మీద వాలిన దోమల మీద కొడితే అక్కడికక్కడే రాలిపోయేవి. ఎంత సంతోషమో! తర్వాత అనుమానమొచ్చి నూనె లేకుండా ఒట్టి సబ్బు నీళ్లే కొట్టి చూశాను, అప్పుడూ రాలిపోయాయి. మనం ఇంట్లో వాడే మోతాదులో ఈ నూనెలు దోమను దూరం పెడతాయి, అంతేగానీ చంపే మందని నేను నమ్మను.

అసలు చెప్పాల్సింది ఇది. రెండో ఏడు బతుకమ్మ పండుగ ముందర పాపకు జ్వరమొచ్చి డెంగీ అని తేలింది. రోజూ సాయంత్రం తప్పకుండా నూనె రాస్తూనే ఉన్నాను, అయినా ఎలా వచ్చిందని ఏడ్చాను. డెంగీ దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దున, మళ్లీ పొద్దుగూకే ముందు. బడికి పోయేటప్పుడు నేను ఏమీ రాయలేదు. ఇంకోటి, ఎండాకాలం అయిపోగానే కూలర్‌లో నీళ్లు పారబోసి డాబా మీద పెట్టాం, ఇక దాని సంగతి తీరిపోయిందనుకున్నాం. ఆ దోమ గుడ్లు ట్యాంకు గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, వాన నీళ్లు నిండగానే పిల్లలవుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, గోడలు బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. ఏ సీసాలోని నూనె కూడా ఆ గుడ్ల దగ్గరికి పోదు.

పాప కోలుకుంది. అత్తమ్మ మాత్రం ఊర్లోలాగా సందెవేళ వావిలాకు పొగ వేయమంటుంది, కానీ పాప దగ్గు గుర్తొచ్చి బయట అరుగు దగ్గరే వేయిస్తున్నాను.

ఈసారి జూన్ రాకముందే కూలర్ గడ్డి తీసి పారేసి, ట్యాంకు రుద్ది, ఎండబెట్టి ఇంట్లో పెట్టాను. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి గోలెం, పూలకుండీల కింది పళ్లేలు ప్రతి శుక్రవారం కడుగుతున్నాను. పొద్దున బడికి పోయే ముందు పాపకు నిండు చేతుల చొక్కా వేసి, డాక్టరు చెప్పిన క్రీము రాస్తున్నాను. సిట్రొనెల్లా సీసా అరుగు మీద కూర్చునే గంటకే తీస్తున్నాను.