ఒమన్‌లో బుధ, గురు, శుక్రవారాలు: ఆడవాళ్ళ సంతలు, బట్టలు, బసలు

గల్ఫ్ దేశాల్లో ఆడవాళ్ళ జీవితాన్ని దగ్గరగా చూడాలనుకునేవాళ్ళకి ఒమన్‌కి మించిన చోటు లేదు. అయితే అక్కడ ఏ ఊరు చూడాలి అన్నదానికంటే వారంలో ఏ రోజు ఎక్కడుండాలి అన్నదే ముఖ్యం. బుధవారం ఇబ్రాలో, గురువారం సినావ్‌లో, శుక్రవారం నిజ్వాలో ఉండేలా రోజులు అమర్చుకుంటే మ్యూజియం అద్దాల వెనక కనిపించనిదంతా సంతలో కనిపిస్తుంది. ఈ లెక్క చూసుకోకుండా మస్కట్‌లో నాలుగు రోజులుండి, ఎడారి క్యాంపులో ఒక రాత్రి గడిపి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు చూసేవి నల్ల అబాయాలు (బట్టల మీద ఒంటినిండా వేసుకునే వదులు వస్త్రాలు), మాల్స్ మాత్రమే.

హైదరాబాద్ నుంచి మస్కట్‌కి నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం మూడు గంటల పైచిలుకు. అక్టోబర్ చివరి నుంచి మార్చి దాకా వాతావరణం బాగుంటుంది. మే, జూన్ నెలల్లో లోపలి ఊళ్ళలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. రంజాన్ నెలలో సంతల వేళలు మారిపోతాయి, పగటిపూట భోజన హోటళ్ళు మూసి ఉంటాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ నెల మానుకోవడమే నయం.

ముందు మన బట్టల సంగతి. విదేశీ స్త్రీలు అబాయా వేసుకోవాలన్న నియమం ఒమన్‌లో లేదు. మస్కట్ వీధుల్లో చీరతో తిరిగినా ఎవరూ ఏమీ అనరు. సుల్తాన్ ఖబూస్ గ్రాండ్ మసీదుకి వెళ్ళినప్పుడు మాత్రం చీర ఇబ్బంది పెడుతుంది. నడుం కనిపించకూడదు, చేతులు మణికట్టు దాకా, కాళ్ళు చీలమండ దాకా, జుట్టు పూర్తిగా కప్పి ఉండాలి. నిండు చేతుల వదులు పంజాబీ డ్రెస్, మందపాటి కాటన్ చున్నీ అయితే చాలు. షిఫాన్ చున్నీ పనికిరాదు: పల్చగా ఉంటుంది, జారిపోతుంది, గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్ కూడా ఒప్పుకోరు. అక్కడే అబాయా అద్దెకి దొరుకుతుంది కానీ రెండు పిన్నీసులు, ఒక మంచి చున్నీ వెంట ఉంటే ఆ ఖర్చు తప్పుతుంది. ఇతర మతస్థులు శనివారం నుంచి గురువారం దాకా ఉదయం 8 నుంచి 11 లోపే లోపలికి వెళ్ళాలి. పదేళ్ళలోపు పిల్లల్ని ప్రధాన ప్రార్థనా మందిరంలోకి రానివ్వరు, కాబట్టి దంపతులు వంతులవారీగా చూడాల్సి వస్తుంది.

ఈ మసీదులో అందరూ తలెత్తి షాండిలియర్‌ని చూస్తారు. కిందికి చూడండి. 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 21 టన్నుల బరువున్న ఆ తివాచీని 600 మంది ఇరాన్ మహిళలు నాలుగేళ్ళపాటు చేత్తో ముడులు వేసి నేశారు. స్త్రీల ప్రార్థనా మందిరం వేరుగా, చిన్నగా ఉంటుంది. పెద్ద మందిరంలో 6,500 మందికి చోటుంటే ఇందులో 750 మందికి. ఆడవాళ్ళు శుక్రవారం సామూహిక ప్రార్థనకి రావడం తప్పనిసరి కాదు, చాలామంది ఇంట్లోనే చేసుకుంటారు. ఆ తేడాకి అదొక కారణం.

పాత మస్కట్‌లో బైత్ అల్ జుబైర్ మ్యూజియానికి తప్పక ఓ గంటన్నర కేటాయించండి. 1998లో తెరిచిన ఈ సేకరణలో ప్రాంతాలవారీగా స్త్రీల దుస్తులు ఉంటాయి. సంతలకి వెళ్ళేముందు ఇది చూస్తే అక్కడ ఎవరిది ఏ ప్రాంతమో కాస్త పోల్చుకోగలుగుతారు. ఒమనీ స్త్రీ సంప్రదాయ వేషంలో మూడు భాగాలుంటాయి: మోకాళ్ళ దాకానో ఇంకా కిందికో వచ్చే గౌను లాంటి దిష్‌దాషా, దాని కింద చీలమండ దగ్గర జరీ, రంగు దారాల పట్టీతో బిగుతుగా ఉండే సిర్వాల్ అనే పైజామా, తలమీద కప్పుకునే లిహాఫ్. బలూచీ స్త్రీల దుస్తులకి ఛాతీ మీదా ముందు జేబు మీదా దట్టమైన కుట్టుపని ఉంటుంది. దక్షిణాన ఢోఫార్‌లో వేసే అబూ ధైల్ ముందు పొట్టిగా, వెనక నేలమీద జీరాడుతూ ఉంటుంది, ఎక్కువగా మఖమల్‌తో కుడతారు. నల్ల అబాయా ఇక్కడ అంతగా పాతది కాదు. ఇటీవలి దశాబ్దాల్లో గల్ఫ్ అంతా ఒకే తీరుకి వచ్చేసిన పై వస్త్రం అది. పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు ఇప్పటికీ అబాయా లేకుండా పూలపూల రంగు బట్టల్లోనే తోటకి, సంతకి వెళ్ళొస్తారు.

మస్కట్‌లోని మత్రా సూక్ (సూక్ అంటే బజారు) అందంగానే ఉంటుంది, కానీ ఈ విషయానికి మాత్రం అది తక్కువ మార్కుల చోటు. దుకాణాల్లో కూర్చునేవాళ్ళలో చాలామంది మన ఉపఖండం మగవాళ్ళే, సరుకులో కూడా చాలా భాగం మన దేశం నుంచి వచ్చిందే. వెండి కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. పాత ఒమనీ హారాల్లో ఆస్ట్రియా రాణి మరియా థెరిసా బొమ్మున్న వెండి నాణేలుంటాయి. నాణెం మీద 1780 అని ఉంది కాబట్టి అంత పాతదని చెప్పి అమ్ముతారు. ఆ నాణేన్ని తర్వాతి కాలంలో ఎప్పుడు అచ్చువేసినా అదే సంవత్సరంతో వేశారు. అందుకని నాణేన్ని చూసి హారం వయసు చెప్పలేం. కొక్కేల అరుగుదల, అతుకుల తీరు చూడాలి.

ఇక ఇబ్రా. మస్కట్ నుంచి కారులో రెండు గంటల దారి, రోడ్డు చాలా బాగుంటుంది. బుధవారం ఉదయం ఇక్కడ ఆడవాళ్ళ సంత జరుగుతుంది. అమ్మేది ఆడవాళ్ళు, కొనేది ఆడవాళ్ళు. మగవాళ్ళు బయటే ఆగాలి. భర్తతోనో అన్నదమ్ములతోనో వెళ్ళేవాళ్ళు వాళ్ళని పక్కనున్న మామూలు బజారుకి పంపి, ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోవాలి. ఏడున్నర, ఎనిమిదికల్లా చేరుకోండి. పదకొండయ్యేసరికి మూటలు కట్టడం మొదలవుతుంది. మస్కట్‌లో తెల్లవారాక తీరిగ్గా బయల్దేరితే సందడి సగం అయ్యాక చేరతారు. అందుకే మంగళవారం రాత్రి ఇబ్రాలోనే ఉండాలి. ఉన్న హోటళ్ళు కొద్ది, సాదాసీదావి: శుభ్రమైన గది, ఏసీ, గుడ్డు, పప్పు, రొట్టెతో ఫలహారం. అంతకుమించి ఆశించకండి, ఆ ఒక్క రాత్రికి అది చాలు.

సంతలో ఏముంటాయంటే: తానులు, కుట్టిన దిష్‌దాషాలు, సిర్వాల్ అంచులకి వేసే కుట్టుపని పట్టీలు, కాటుక, గోరింటాకు పొడి, సీసాల్లో ఇంట్లో చేసిన బుఖూర్ (ధూపం వేసే సుగంధ మిశ్రమం), అత్తరు నూనెలు, ఖర్జూరపాకు బుట్టలు. మన ఆడవాళ్ళు కొనదగినవి ఆ పట్టీలే. జతగా అమ్ముతారు. మిషన్ పనికీ చేతిపనికీ తేడా కనుక్కోవాలంటే తిరగేసి చూడాలి: మిషన్ కుట్టు వెనకవైపు ఒకే కొలతలో గీత గీసినట్టుంటుంది, చేతి కుట్టులో అక్కడక్కడా ముడులు, దారం దాటిన గుర్తులు ఉంటాయి. బేరం ఆడొచ్చు, కానీ మన సంతల్లోలా సగానికి అడిగితే మొహం తిప్పుకుంటారు. పదోవంతు తగ్గిస్తే సంతోషించి తీసుకోండి. ఒక రియాల్ అంటే 1,000 బైసాలు, మన డబ్బులో రెండు వందల రూపాయల పైమాటే. చిల్లర నోట్లు వెంట ఉండాలి, కార్డులు నమ్ముకోకండి. ఫోన్ కెమెరా సంచిలోనే ఉంచండి. బట్టల ఫొటో తీసుకుంటామని అడిగితే చాలామంది సరేనంటారు. మనుషుల్ని, ముఖ్యంగా చాటుగా, తీస్తే గొడవే. ఆ సంత వాళ్ళకి దొరికిన కొద్దిపాటి సొంత చోటు. దాన్ని కాపాడే బాధ్యత వెళ్ళేవాళ్ళదే.

బుధవారం సాయంత్రానికి ఎడారి అంచున ఉన్న బిదియా చేరి ఇసుక దిబ్బల్లో క్యాంపులో ఉండొచ్చు. దిబ్బల్లోకి ఫోర్ వీల్ డ్రైవ్ కారు కావాలి, టైర్ల గాలి 15 నుంచి 18 పీఎస్‌ఐకి దించాలి. చేతకానివాళ్ళు అల్ వాసిల్ దగ్గర కారు వదిలి క్యాంపు వాళ్ళ బండి ఎక్కడం మంచిది. క్యాంపుల్లో చవకవాటికీ ఖరీదైనవాటికీ అసలు తేడా స్నానాల గది దగ్గరే తేలుతుంది: గదికి ఆనుకుని ఉందా, అందరికీ కలిపి దూరంగా ఉందా అని అడిగి మరీ ఖాయం చేసుకోండి.

ఇక్కడి ఆకర్షణ ముఖానికి పెట్టుకునే బుర్ఖా. మనం ఆ మాటతో పిలిచే నిలువెత్తు నల్ల వస్త్రం కాదిది. నీలిమందు అద్ది మెరుగు పెట్టిన నూలు గుడ్డతో చేసిన ముఖకవచం. ముక్కు మీదుగా నిలువునా సన్నని పుల్ల పెడతారు, గుడ్డ ముఖానికి ఆనకుండా గాలి ఆడేది దానివల్లే. ఆ గుడ్డ ఒకప్పుడు మన దేశం నుంచే వెళ్ళేది. పెళ్ళయ్యాక పెట్టుకునే ఆనవాయితీ ఇది, మతం పెట్టిన షరతు కాదు. ఒమన్‌లో ఎక్కువమంది స్త్రీలు జుట్టు కప్పుకుని ముఖం తెరిచే ఉంచుతారు. బిదియా బెదూయిన్ (ఎడారి సంచార తెగల) స్త్రీలలో కూడా ఈ కవచం పెద్ద తరంతోనే మిగిలింది, కాలేజీకి వెళ్ళే పిల్లలు పెట్టుకోరు. కొన్నది పెట్టుకుని చూస్తే చెమటకి నీలిరంగు బుగ్గలకి అంటుకుంటుంది, తెల్ల బట్టల దగ్గర జాగ్రత్త. డ్రైవర్లు తీసుకెళ్ళే బెదూయిన్ ఇళ్ళలో కాఫీ, ఖర్జూరం ఇచ్చి, చేతి అల్లికలు పరుస్తారు. అది ఆతిథ్యమూ వ్యాపారమూ కలిసిన చోటు. ఏదో చిన్నదైనా కొనడం మర్యాద. ఏమీ కొనదల్చుకోకపోతే ఆ మజిలీ వద్దని డ్రైవర్‌కి ముందే చెప్పేయండి.

గురువారం పొద్దున్నే సినావ్. మేకల, ఒంటెల బేరాల్లో ముఖకవచాలతో కూర్చున్న బెదూయిన్ స్త్రీలు కనిపిస్తారు. పశువు నోరు తెరిచి పళ్ళు చూసి, ధర పలికి, నోట్లు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతారు. ముఖం కప్పుకున్న మనిషికి బయట మాట చెల్లదనుకునేవాళ్ళు అరగంట ఇక్కడ నిలబడితే చాలు. తొమ్మిది దాటితే పశువుల బేరం పల్చబడుతుంది.

అక్కణ్ణుంచి గంటన్నరలో నిజ్వా. కోట పక్కన హారత్ అల్ అఖర్ అనే పాత పేటలో మట్టి ఇళ్ళని బాగుచేసి బసలుగా నడుపుతున్నారు. హైవే హోటల్ కంటే ఇవే మేలు: శుక్రవారం ఉదయం ఏడింటికి మొదలయ్యే మేకల వేలానికి నడిచి వెళ్ళొచ్చు. మెట్లు మాత్రం ఇరుకు, ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కింది గది అడిగి తీసుకోండి, కారు దూరంగా పెట్టాల్సి వస్తుంది. ఇక్కడి బజారులో కుమ్మా టోపీలు చూడండి. పెట్టుకునేది మగవాళ్ళే అయినా సన్నని రంధ్రాలు చేసి చుట్టూ దారం తిప్పే పని ఇళ్ళలో ఆడవాళ్ళది, ఒక్కో టోపీకి వారాల నుంచి నెలలు పడుతుంది. మిషన్ టోపీ రెండు మూడు రియాళ్ళకి వస్తుంది. చేతిది పదుల రియాళ్ళు, ఆ ధర న్యాయమే.

ఒమనీ ఇళ్ళలో, ముఖ్యంగా రంజాన్ నెలలో, ఆడవాళ్ళు రుఖాల్ రొట్టె చేస్తారు. కాలే ఇనప రేకు మీద తడి పిండిముద్దని చేత్తో పూసి, వెంటనే ముద్ద వెనక్కి తీసేస్తారు, రేకుకి అంటుకున్న పల్చటి పొర రొట్టె అవుతుంది. ఆత్రేయపురం పూతరేకు తీసే చేతులకి ఆ ఒడుపు ఇట్టే అర్థమవుతుంది. తేనెతో తినడానికి బాగుంటుంది, శాకాహారులకి పెద్ద ఆసరా.

మిస్ఫత్ అల్ అబ్రియీన్ కొండ ఊరిలో ఒక రాత్రి ఉండదల్చుకున్నవాళ్ళు ఫలజ్ కాలువ మర్యాద తెలుసుకోవాలి. పైన తాగే నీరు, తర్వాత మసీదు, మగవాళ్ళ స్నానాల చోటు, ఆడవాళ్ళ స్నానాల చోటు, చివరికి తోటలు అన్నది ఫలజ్ నీటి వరస. గోడ కట్టిన చోటుంటే అది ఆడవాళ్ళది కావచ్చు, మగ ప్రయాణికులు అటు తొంగిచూడకూడదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోమని బోర్డులుంటాయి. వాటిని పట్టించుకోని విదేశీయుల మీద ఊరివాళ్ళకి విసుగు ఉంది, అందులో తప్పేం లేదు.

ఎవరైనా ఇంటికి పిలిస్తే ఆడవాళ్ళు ఆడవాళ్ళ గదిలోకి, మగవాళ్ళు మజ్లిస్ అనే అతిథుల గదిలోకి వెళ్తారు. ముందు పళ్ళు, ఖర్జూరం, హల్వా, ఆపై కాఫీ. కుడిచేత్తో అందుకోవాలి. ఖాళీ గిన్నెని అలా చాపితే మళ్ళీ పోస్తూనే ఉంటారు, చాలనుకుంటే మణికట్టుతో కొంచెం ఊపి ఇవ్వాలి. చివర్న ధూపం తిప్పుతారు. చున్నీ చివర్లకి, జుట్టుకి పట్టించుకుని ఐదు నిమిషాల్లో సెలవు తీసుకోండి, ధూపం వచ్చాక కూర్చోకూడదు. ఆ గదిలో మాటలు కలిస్తే వాళ్ళ తరాల తేడా తెలుస్తుంది. 1970కి ముందు దేశం మొత్తానికీ ఉన్న మూడు బడులూ మగపిల్లలవే. 1994లో మొదట మస్కట్ ప్రాంతంలో కొందరు స్త్రీలకి షూరా (సలహా) మండలి ఎన్నికల్లో ఓటు, పోటీ చేసే హక్కు వచ్చాయి, 2003 నాటికి వయోజనులందరికీ ఓటొచ్చింది. చదువుకోని అమ్మమ్మ, బ్యాంకు ఉద్యోగం చేసే మనవరాలు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటారు.

ఆ మనవరాలు ఉద్యోగానికి వెళ్ళగలగడంలో మన ఆడవాళ్ళ చెమట కూడా ఉంది. కడప నుంచి, కోనసీమ నుంచి వెళ్ళిన ఎంతోమంది ఇక్కడి వంటిళ్ళు, పసిపిల్లల్ని చూసుకుంటున్నారు. ఈ దారిలో వెళ్ళాలనుకునే చెల్లెళ్ళెవరైనా ఉంటే చెప్పండి: విజిట్ వీసా మీద ఇంటిపనికి వెళ్ళకూడదు, ఈసీఆర్ (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి అవసరమైన) పాస్‌పోర్ట్ ఉన్న స్త్రీకి 30 ఏళ్ళు నిండాలి, ఒప్పందం కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదు కావాలి. ఏపీలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలున్నాయి, ఏజెంటుకి డబ్బు కట్టేముందు అక్కడ అడగాలి.

మస్కట్ లోపల తిరగడానికి ప్రభుత్వ సంస్థ మువాసలాత్ బస్సులు చవక, శుభ్రం, ముందు సీట్లు ఆడవాళ్ళకి కేటాయిస్తారు. ఒంటరిగా వెళ్ళే స్త్రీలు టాక్సీ యాప్‌లో మహిళా డ్రైవర్ దొరుకుతుందేమో చూసుకోండి. వీధి టాక్సీ అయితే ధర మాట్లాడుకుని వెనక సీట్లోనే కూర్చోవాలి.

ఇంకో మూడు రోజులుంటే దక్షిణాన ఢోఫార్‌లోని సలాలా. రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు, కాబట్టి విమానమే దారి. అల్ హుస్న్ సూక్‌లో లుబాన్, బుఖూర్ అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. చాలామంది నిఖాబ్‌లో కళ్ళు మాత్రమే కనిపించేలా ఉంటారు, ఉత్తరాన ఇంతగా కనిపించదు. లుబాన్ మన పరంగి సాంబ్రాణికి దగ్గరి బంధువు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పెద్ద పలుకులు మేలురకం, హోజరీ అంటారు. గోధుమరంగు పొడి, బెరడు ముక్కలు కలిసినవి చవకరకం. నిప్పు మీద ఒక పలుకు వేసి చూపించమంటే చూపిస్తారు. బుఖూర్ ఒక్కో ఇంటి పాళ్ళు ఒక్కోలా ఉంటాయి, నాలుగు సీసాల వాసన చూశాకే తీసుకోండి. స్థానిక స్త్రీలు రంగులద్దిన మట్టి ధూపపాత్రలు బట్టలో చుట్టి చేతి సంచిలో పెట్టుకోవాలి, పెట్టెలో వేస్తే పగులుతాయి. వాటితోపాటు అమ్మే, అగ్గిపుల్ల తగిలితే అంటుకునే బొగ్గు బిళ్ళలు మాత్రం కొనకండి. విమానంలోకి అనుమతించరు, తనిఖీలో తీసేస్తారు.