తక్కువ ధరలో రెడ్ డాట్ సైట్: హైదరాబాదు ఎయిర్ రైఫిల్ షూటర్లకు ఏది పనికొస్తుంది

ఎయిర్ రైఫిల్ కొన్న కొన్నాళ్ళకే చాలామందికి దాని సైటు, అంటే గురి చూసే సాధనం, మార్చాలనిపిస్తుంది. ఇనుప సైటులో వెనక గాడి, ముందు ముల్లు, దూరాన ఉన్న లక్ష్యం, ఈ మూడింటినీ ఒకే వరుసలోకి తేవాలి. నలభై దాటిన కంటికి వెనక గాడి మసకబారడం మొదలవుతుంది. రెడ్ డాట్ సైటులో ఆ శ్రమ లేదు. చిన్న ఎల్‌ఈడీ వెలుగు వంపు అద్దం మీద పడి, సమాంతర కిరణాలుగా మన కంటికి తిరిగి వస్తుంది కనుక ఎర్ర చుక్క లక్ష్యం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, రెండు కళ్ళూ తెరిచే గురి చూడవచ్చు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో ఈ తరహా ఎలక్ట్రానిక్ సైటును మొదటిసారి మార్కెట్టులోకి తెచ్చింది. ఆ సంస్థ సైట్లు ఇప్పటికీ సామాన్య షూటరుకు అందని ధరలోనే ఉన్నాయి కాబట్టి, అందులో మూడో వంతో నాలుగో వంతో ఖర్చు పెట్టగలిగినవారి కోసం ఇది రాస్తున్నాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు రంగులూ గురి గుర్తులూ ఎక్కువ ఉన్న సైటు వైపు చూడకండి; ఒకే చుక్క ఉండి, ఆ చుక్క పెట్టిన చోటు నుంచి కదలని సైటు కొనండి.

అసలు మీకు ఇది అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని రేంజిలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు సాధన చేస్తున్న పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈ సైటు గురించి అడుగుతుంటారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం ఆ పోటీలో రెడ్ డాట్ వాడకూడదు; సన్నని రంధ్రంలోంచి చూసే డయాప్టర్ సైటే వాడాలి. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ సైటుతోనే. నిబంధన సంగతి పక్కన పెట్టినా లెక్క కూడా ఒప్పదు. చుక్క పరిమాణాన్ని ఎం.ఓ.ఏ. అనే కోణపు కొలతలో చెబుతారు, ఒక ఎం.ఓ.ఏ. అంటే 100 మీటర్ల దూరంలో సుమారు 29 మిల్లీమీటర్లు, 10 మీటర్ల దూరంలో 2.9 మిల్లీమీటర్లు. అంటే 2 ఎం.ఓ.ఏ. చుక్క 10 మీటర్ల దగ్గర 5.8 మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. పోటీ కాగితం మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, తొమ్మిది పాయింట్ల వలయం వ్యాసం 5.5 మిల్లీమీటర్లు మాత్రమే కనుక, ఆ రెండూ ఎర్ర చుక్క కింద పూర్తిగా మునిగిపోతాయి. సరదాగా, వేగంగా రేకు పలకల మీద, డబ్బాల మీద 15 నుంచి 30 మీటర్ల దూరంలో కాల్చేవారికి మాత్రం ఇంతకంటే హాయైన సైటు మరొకటి లేదని నా నమ్మకం.

చట్టం గురించి ఒక్క మాట. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. నేను ఇక్కడ మాట్లాడుతున్నది అలాంటి రైఫిళ్ళ గురించే.

అబిడ్స్ వైపు దుకాణాల్లోనూ ఆన్‌లైనులోనూ అన్నింటికంటే చవకగా కనిపించేది పై కప్పు లేని, ఒకే వంపు అద్దం ఉన్న సైటు. "అన్నీ ఇందులోనే ఉన్నాయి సార్, ఎరుపు, ఆకుపచ్చ, నాలుగు రకాల గుర్తులు" అని చేతిలో పెడతారు. దుకాణంలో ట్యూబులైటు కింద ఏ చుక్కయినా ధగధగలాడుతుంది. అందుచేత సైటును రైఫిలుకు బిగించకుండా చేతిలోనే పట్టుకుని గడప దాటి, ఎదురుగా ఎండ పడుతున్న తెల్లటి గోడ వైపు చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నపు హైదరాబాదు ఎండలో, వెలుగు చివరి మెట్టు దాకా పెంచినా చుక్క కనిపించకపోతే ఆ సైటు మనకు పనికిరాదు. తరువాత లోపలికి వచ్చి వెలుగును అన్నింటికంటే కింది మెట్టుకు దించి, నీడలో ఉన్న ఒక మూలను చూడండి. అప్పుడు కూడా చుక్క చుట్టూ ఎర్రని పొగలాంటి మెరుపు వ్యాపిస్తుంటే సాయంత్రం వేళ లక్ష్యమే కనిపించదు. ఈ రెండు పరీక్షలకూ పది నిమిషాలు చాలు, ఏ దుకాణదారుడూ కాదనడు. కాదన్నచోట కొనకపోవడమే మేలు.

ఈ చవక సైట్లలో నాకు కనిపించిన పెద్ద లోపం వెలుగుకు సంబంధించినది కాదు. మన దగ్గర ఎక్కువమంది వాడేది గొట్టం మడిచి స్ప్రింగు బిగించే రైఫిల్. అందులో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ కొసన ఆగేటప్పుడు ముందుకు విసురుతుంది. ఈ రెండు వైపుల కుదుపును తట్టుకునేలా అన్ని సైట్లనూ తయారు చేయరు. నాతో పాటు కాల్చే మిత్రుడు ఒకరు తన స్ప్రింగు రైఫిలుకు పేరు లేని నాలుగు గుర్తుల సైటు బిగించారు. ఉదయం కుదిరిన గురి ఒక పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) డబ్బా ఖాళీ అయ్యేలోపే అరచేయంత పక్కకు జరిగింది. బిగింపు మరలు గట్టిగానే ఉన్నాయి. అద్దాన్ని పట్టుకున్న లోపలి భాగమే వదులైంది. అదే సైటును గాలి నింపుకునే పీసీపీ రైఫిల్ మీద పెడితే ఇబ్బంది లేకుండా పనిచేసింది, ఎందుకంటే అందులో కుదుపు దాదాపు ఉండదు. కనుక మీ రైఫిల్ స్ప్రింగుదా, పీసీపీదా అన్నదాన్ని బట్టే ఖర్చు నిర్ణయించుకోవాలి. స్ప్రింగు రైఫిలైతే, ఆ సైటు స్ప్రింగు ఎయిర్ రైఫిలుకు సరిపడుతుందని తయారీదారు రాసి ఉన్నాడో లేదో చూసి గాని డబ్బు ఇవ్వకండి.

గొట్టం ఆకారంలో, రెండు వైపులా అద్దం ఉన్న మూసిన సైట్లలో మూడు పేర్లు పరిశీలించదగినవి. బుష్‌నెల్ టీఆర్ఎస్-25 వీటిలో చిన్నది. బరువు సుమారు 105 గ్రాములు, చుక్క 3 ఎం.ఓ.ఏ., వెలుగుకు పదకొండు మెట్లు. దీన్ని చేత్తో తిప్పి ఆర్పాలి. మధ్యస్థ వెలుగులో బ్యాటరీ సుమారు 3,000 గంటలు వస్తుందని సంస్థ చెబుతుంది, అంటే ఆర్పడం మరచి బీరువాలో పెడితే నాలుగు నెలల్లో ఖాళీ. సిగ్ సావర్ రోమియో 5లో చుక్క 2 ఎం.ఓ.ఏ.; కదలిక లేనప్పుడు తానే ఆరిపోయి, రైఫిల్ చేతిలోకి తీసుకోగానే వెలుగుతుంది, బ్యాటరీకి 40,000 గంటలు చెబుతారు. హోలోసన్ హెచ్ఎస్ 403బీ కూడా ఇదే తరహాది, సంస్థ చెప్పే లెక్క 50,000 గంటలు. మూడింటికీ సీఆర్ 2032 బటన్ సెల్ చాలు. అది ఏ గడియారాల దుకాణంలోనైనా దొరుకుతుంది. నా ఎంపిక రోమియో 5. కారణం బ్యాటరీ ఒక్కటే కాదు. తక్కువ ఎత్తు బిగింపు, ఎక్కువ ఎత్తు బిగింపు రెండూ పెట్టెలోనే వస్తాయి. ఎయిర్ రైఫిల్ చెక్కకు చెంప ఆనించి చూసేవారికి తక్కువ ఎత్తుదే కావాలి. బడ్జెట్ అంతకు చాలకపోతే టీఆర్ఎస్-25 తీసుకోండి, వాడకం అయ్యాక ఆర్పడం అలవాటు చేసుకోండి. ఎయిర్‌సాఫ్ట్ (ప్లాస్టిక్ గుళ్ళ బొమ్మ తుపాకుల) ఆటల కోసం పేరున్న సైట్లకు నకళ్ళు కూడా తిరుగుతుంటాయి కాబట్టి పెట్టె మీది వరుస సంఖ్య, సైటు మీది సంఖ్య ఒకటేనా అని చూసి, బిల్లు తప్పక తీసుకోండి.

కొనేముందు మీ కంటినీ పరీక్షించుకోండి. చుక్క గుండ్రంగా కాక తోకతోనో, ద్రాక్ష గుత్తిలాగానో కనిపిస్తే సైటును నిందించకుండా దాన్ని చేతిలో మెల్లగా తిప్పి చూడండి. తోక సైటుతో పాటు తిరిగితే లోపం సైటుది. ఎటు తిప్పినా తోక అదే దిక్కున ఉంటే మీ కంటిలో ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు సమంగా లేని దృష్టి లోపం, ఉన్నట్టు. ఫోను కెమెరాతో చుక్కను ఫోటో తీసినా తేలిపోతుంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవారు కళ్ళద్దాలతోనే గురి చూడాలి. వాటితోనూ చుక్క కుదురుకోకపోతే రెడ్ డాట్ మానుకుని టెలిస్కోపు సైటు కొనుక్కోవడం మంచిది.

పెట్టె మీద "పారలాక్స్ లేదు", అంటే కన్ను పక్కకు జరిగినా గురి మారదు, అని రాస్తారు గాని దగ్గర దూరాల్లో అది పూర్తిగా నిజం కాదు. 20 మిల్లీమీటర్ల అద్దం అంచు నుంచి చూస్తే గురి 10 మిల్లీమీటర్ల దాకా తప్పవచ్చు. 50 మీటర్ల దగ్గర ఇది పట్టించుకోనక్కర్లేదు, 10 మీటర్ల కాగితం మీద మాత్రం నాలుగు వలయాల తేడా. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనించి, చుక్కను అద్దం మధ్యలో ఉంచుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

ఇక బిగింపు. చాలా ఎయిర్ రైఫిళ్ళ మీద 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి ఉంటుంది, ఈ సైట్లేమో అడ్డ గాళ్ళున్న వెడల్పాటి పికటినీ పట్టాకు తయారైనవి. మధ్యలో అడాప్టర్ కావాలి; దాని ఖర్చు సైటు ధరలో భాగమే అనుకోండి. అడాప్టర్ అడుగున జారకుండా ఆపే పిన్ను ఉన్నదే తీసుకోండి, లేకపోతే స్ప్రింగు కుదుపుకు సైటు వెనక్కి జారుతుంది. రోమియో 5లో గురి సరిచేసే మర తిప్పినప్పుడు ఒక్కో క్లిక్ అర ఎం.ఓ.ఏ. కనుక 10 మీటర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు జరుగుతుంది. పెల్లెట్ మూడు సెంటీమీటర్లు పక్కకు పడితే ఇరవై క్లిక్కులు తిప్పాలి. గురి కుదిరాక ప్రతి మర తల మీది నుంచి అడాప్టర్ అంచు దాకా గోళ్ళ రంగుతో ఒక సన్నని గీత గీయండి. రేంజికి వెళ్ళిన ప్రతిసారీ ముందు ఆ గీతను చూసుకోండి. అది విరిగి ఉంటే మర బిగించి, గురి మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకోండి.