కడపలో మా స్నానాలగది ఫ్యానుకు విడిగా పెట్టించిన టైమర్ స్విచ్

మా ఇల్లు కట్టినప్పుడు స్నానాలగదిలోని లైటుకూ ఎగ్జాస్ట్ ఫ్యానుకూ కలిపి ఒకే స్విచ్ పెట్టారు. అందువల్ల స్నానం ముగించి లైటు ఆర్పగానే, ఆవిరి ఇంకా నిండుగా ఉండగానే, ఫ్యానూ ఆగిపోయేది. రాత్రిపూట మా నాయన లేచి లైటు వేస్తే ఆ హోరుకు పక్క గదిలో పాపకు నిద్ర చెడేది. చలికాలంలో గీజరు నీళ్లు మొదలయ్యాక ఇబ్బంది మరీ పెరిగింది. సబ్బులు పెట్టుకునే కడప బండ అడుగుభాగాన్ని తడిమితే మధ్యాహ్నం దాకా చేతికి చెమ్మ తగిలేది, తలుపు ఉబ్బి గడియ పడేది కాదు, కప్పు మూలల్లో నల్లటి బూజు చుక్కలు తేలాయి.

ఏడు రోడ్ల కూడలి దగ్గరి ఒక కొట్టులో అడిగి, 5, 10, 20, 30 నిమిషాలకు అమర్చుకోగలిగిన టైమర్ స్విచ్ కొన్నాము. మామూలు స్విచ్ కంటే దీని ధర చాలా ఎక్కువ. పైగా ఇది పనిచేయడానికి బోర్డులో న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, కూడా ఉండాలి. మా బోర్డులో ప్లగ్గు ఉండటంతో ఆ వైరు ముందే ఉంది. కేవలం స్విచ్‌లే ఉన్న బోర్డయితే దానిని కొత్తగా లాగించుకోవలసి వస్తుంది.

ఎలక్ట్రీషియన్ పని నాకు ఎంతో నచ్చింది. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకున్న తరువాతే బోర్డు విప్పాడు. గోడ పగలగొట్టకుండా, పాత పైపులోనే స్టీలు స్ప్రింగు దూర్చి ఫ్యానుకు కొత్త ఫేజు వైరు, అంటే కరెంటు తెచ్చే వైరు, లాగాడు. వంపు దగ్గర స్ప్రింగు ఇరుక్కున్నప్పుడు ఓపికగా వెనక్కీ ముందుకూ ఆడించాడే తప్ప బలవంతం చేయలేదు. స్విచ్ ఫేజు మీదే ఉండాలనీ, న్యూట్రల్ మీద పెడితే ఫ్యాను ఆగినా దానిలో కరెంటు నిలిచే ఉంటుందనీ, తడి గదిలో అది ప్రాణాపాయమనీ నాకు విడమరచి చెప్పాడు.

మొదటి వారం ఆవిరి పూర్తిగా పోలేదు. తలుపు బిగుతుగా ఉంటే బయటికి పోయే గాలికి బదులు లోపలికి గాలి ఎక్కడి నుంచి వస్తుందని అతడే ప్రశ్నించాడు. తలుపు అడుగున అర అంగుళం చిత్రిక పట్టించాము. ఇప్పుడు ఆ సందు దగ్గర కాగితం ముక్క పట్టుకుంటే అది లోపలికి వంగుతుంది.

స్నానం ముగించి 20 నిమిషాలకు పెట్టి వచ్చేస్తే ఫ్యాను దానంతట అదే ఆగుతుంది. మాది 35 వాట్ల ఫ్యాను కనుక, నలుగురం రోజూ అలా వాడినా నెలకు ఒకటిన్నర యూనిట్లు దాటదు. మధ్యలో కరెంటు పోయి వస్తే టైమరు మళ్లీ నొక్కవలసి రావడం ఒక్కటే నాకు కనిపించిన లోపం. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు మాత్రం గోడలకు పూత వేయకముందే ఫ్యానుకు వేరే ఫేజు వైరూ, బోర్డులో న్యూట్రలూ వేయించుకోండి. అప్పుడు మామూలు స్విచ్ పెట్టాలా, టైమర్ పెట్టాలా అన్నది తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు.