మైలాపూర్ కోనేరు దగ్గర స్కానింగ్ షాపు: మా ముత్తాతగారి డైరీలు ఇచ్చాం

ఇంట్లో పాత కాగితాలు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. మా ముత్తాతగారు నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి ఎం అండ్ ఎస్‌ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) రైల్వేలో గుమాస్తాగా చేరారు, 1951 ఏప్రిల్‌లో అది సదరన్ రైల్వేలో కలిసిపోయింది, ఆ తర్వాత కొన్నేళ్లకి రిటైరయ్యారు. ఆయనవి తొమ్మిది డైరీలు, పెన్షన్ కాగితాలు, ఒక స్టాంపుల ఆల్బమ్, ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఒక ఫోటో మా దగ్గరున్నాయి.

ముందు ఒక డైరీ వేరే చోట ఇచ్చాం. అక్కడ పేజీలు తెల్లగా రావాలని మరకలన్నీ తీసేశారు, వాటితో పాటు అంచుల్లో పెన్సిల్ రాతలూ పోయాయి. 1952 డిసెంబర్ 16 పేజీలో ఇంకుతో అంతా ఆఫీసు సంగతులే, పొట్టి శ్రీరాములు గారు పోయారనీ తాను అన్నం ముట్టలేదనీ ఆయన రాసుకున్నది పెన్సిల్‌తోనే. 58 రోజుల దీక్ష చేసి శ్రీరాములు గారు కన్నుమూసింది ఇదే మైలాపూర్‌లో, బులుసు సాంబమూర్తి గారింట్లో. ఆ ఒక్క ముక్క స్కాన్‌లో లేకపోతే నాకు ఏడుపొచ్చింది. అసలు డైరీ పదిలంగా ఉంది కాబట్టి సరిపోయింది.

ఈ షాపాయన దేన్నీ తుడవలేదు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) ఉన్నది ఉన్నట్టు తీసి, దాచుకోవడానికి నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లు విడిగా, ఫోన్‌లో చూసుకోవడానికి జేపెగ్‌లు విడిగా ఇచ్చారు. అద్దం నుంచి ఫోటో లాగితే బొమ్మ పొర ఊడి అద్దానికే ఉండిపోతుందని చెప్పి అద్దం మీదుగానే తీశారు. స్టాంపులు కూడా ఆల్బమ్‌లోంచి కదపలేదు. 1948లో వచ్చిన గాంధీగారి స్టాంపులు నాలుగింటిలో మూడే ఉన్నాయి, పది రూపాయలది కొనలేకపోయారేమో, దాని చోట అంతే కొలతలో పెన్సిల్‌తో గడి గీసి ధర వేసుకున్నారు. అదీ స్పష్టంగా వచ్చింది.

అన్నిటికంటే మేలు, వెనకవైపు కూడా తీయమంటారా అని ఆయనే అడగడం. పెన్షన్ కాగితాల వెనక ఏముందో మేమెప్పుడూ చూడలేదు. వీధి కుళాయి కోసం, దీపం కోసం కార్పొరేషన్‌కి ఇరుగుపొరుగు తరఫున రాసిన అర్జీల చిత్తుప్రతులు నలభై దాకా దొరికాయి! రిటైరయ్యాక పొద్దస్తమానం ఏం చేసేవారో మా అమ్మకే తెలియదు.

పది రోజులన్నది మూడు వారాలు పట్టింది, షాపు మేడ మీద, లిఫ్ట్ లేదు. వాళ్లకి తెలుగు చదవడం రాదు, అందుకని విడి కాగితాలకి మీరే మూలలో పెన్సిల్‌తో నంబర్లు వేసి ఇవ్వండి, మావి వరస తప్పాయి. అమ్మ ఇప్పుడు వాటిని తేదీల ప్రకారం సర్దుతోంది.