అరకు సైకిల్ క్యాంపింగ్: ఘాట్ సూపర్, సపోర్ట్ బండి బోగస్

డిసెంబర్‌లో నేనూ మా బావమరిదీ వైజాగ్ నుంచి అరకు గ్రూప్ సైకిల్ క్యాంపింగ్‌కి వెళ్ళొచ్చాం. మనిషికి 4,800, సొంత సైకిల్ లేకపోతే అద్దె ఇంకో 900. టెంటు, స్లీపింగ్ బ్యాగు, భోజనాలు, మన సామాను మోసుకుంటూ వెనకాలే వచ్చే సపోర్ట్ బండి, అన్నీ అందులోనే అన్నారు. ఆ టూర్ వాళ్ళ పేరు రాయను గానీ ఆ బండి సంగతి మాత్రం రాయకుండా ఉండలేను.

అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా పెద్ద కష్టం లేదు, తెల్లారకముందే బయల్దేరితే లారీల గొడవ తప్పుతుంది. ఎస్.కోట ఇంకాస్త దూరం ఉందనగా మా వాడి అద్దె సైకిల్ వెనక చక్రంలో రెండు పుల్లలు టప్ మని విరిగిపోయాయి, చక్రం ఊగుతూ బ్రేకుకి రాసుకుంటోంది. బండికి ఫోన్ చేస్తే 'పంక్చర్ కిట్ ఉంది సార్, పుల్లలు లేవు' అన్నాడు. సపోర్ట్ అంటే మరి ఏంటో! నడిపించుకుంటూ ఊళ్ళోకి వెళ్తే ఒక చిన్న సైకిల్ షాపు, పెద్దాయన అప్పుడే తలుపులు తీస్తున్నాడు. ఆయన దగ్గర ఆ సైజు పుల్లలు లేవు, పొడుగువి తీసి కోసి, మర వేసి, చక్రం తలకిందులుగా పెట్టి తిప్పుతూ బెండు తీసేసరికి అరగంట. ఎంతండీ అంటే 60 రూపాయలు. వంద ఇస్తే 40 వెనక్కిచ్చేశాడు, 'అరకెల్తన్నారు కదా బాబూ, కొండ దిగినప్పుడు బ్రేకు ఒక్కసారే పట్టీకండి' అని కూడా చెప్పి పంపాడు. మొత్తం ట్రిప్పులో న్యాయంగా ఖర్చయిన డబ్బులు ఏవైనా ఉన్నాయా అంటే ఆ అరవయ్యే.

ఇక ఘాట్. దీని కోసమే వెళ్ళాలి అసలు. కాశీపట్నం దాటాక ఎక్కుడు మొదలవుతుంది, ఇంక ఆగదు. గేర్లు లేని సైకిల్‌తో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు తైడ దాకా తొక్కినంత తొక్కి తర్వాత తోసుకుంటూనే వచ్చారు పాపం. ముందు చిన్న చక్రానికి 28 పళ్ళు, వెనక పెద్దదానికి 34 పళ్ళు ఉన్న హైబ్రిడ్ గేర్ల సైకిల్ అయితే కూర్చునే ఎక్కేయొచ్చు, స్పీడు గంటకి ఆరేడు కిలోమీటర్లే, అయితే ఏం. రోడ్డు పక్కన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. కార్లో వెళ్తే ఇదంతా ఒక పచ్చ గీతలా వెళ్ళిపోతుంది. మా వాడు మాత్రం ప్రతి మలుపుకీ 'బావా, ఇదే ఆఖరిదా?' అని అడగడం, నేను అవునని అబద్ధం చెప్పడం.

చీకటి పడేటప్పటికి అనంతగిరి దగ్గర క్యాంపు స్థలానికి చేరాం. స్థలం ఉంది, టెంట్లు లేవు, తిండి లేదు, ఎందుకంటే బండి రాలేదు. ఒళ్ళంతా చెమట, చలికోట్లన్నీ బండిలో ఉన్న బ్యాగుల్లో. చెమట బట్టల మీద ఆ కొండగాలి తగిలితే ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది, పళ్ళు టకటకలాడిపోయాయి. ఫోన్ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, తగిలినప్పుడల్లా 'పది నిమిషాలు సార్'. ఆ పది నిమిషాలు రాత్రి తొమ్మిదిన్నరకి అయ్యాయి. తర్వాత డ్రైవరే నోరు జారాడు, మధ్యలో ఇంకో బ్యాచ్‌ని వేరే క్యాంపులో దింపి వచ్చాడంట! అంటే ఒకే బండికి రెండు గ్రూపుల దగ్గర డబ్బులు. ఈలోపు మమ్మల్ని కాపాడింది రోడ్డు మీద టీ కొట్టావిడ, 'తడి చొక్కాలిప్పేసి పొయ్యి కాడ కూకోండి బాబూ' అని రెండు దుప్పట్లు కూడా ఇచ్చింది. టీ పది రూపాయలు, దుప్పట్లకి ఎంత బతిమాలినా రూపాయి తీసుకోలేదు.

ఇద్దరికని చెప్పిన టెంట్లో ముగ్గుర్ని తోశారు. పైన వేసే రెండో గుడ్డ లేదు, జిప్పు సగంలో ఆగిపోయింది. ఒంటి గుడ్డ టెంట్లో ముగ్గురు ఊపిరి వదిలితే ఆ ఆవిరంతా లోపలి గోడకి పట్టి తెల్లారేసరికి మొహం మీద చుక్కలు పడతాయి, మాకు పడ్డాయి. మా బావమరిది పొద్దున లేచి నాతో మాట్లాడలేదు, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర బొంగు చికెన్ తిన్నాకే నోరు విప్పాడు. ఆ చోటు దాదాపు 4,300 అడుగుల ఎత్తు, అక్కణ్ణుంచి అరకు వైపు రోడ్డు హాయిగా ఉంటుంది. సుంకరమెట్ట, కాఫీ, ఫొటోలు, అంతా బాగానే గడిచింది.

అరకులో రెండో క్యాంపు పక్కనే ఇంకెవరిదో క్యాంప్‌ఫైరు, అర్ధరాత్రి దాకా డీజే. వేడినీళ్ళు బకెట్ 50, అదీ ముందు చెప్పలేదు. టెంట్లో పడుకోవాలనే సరదా లేకపోతే అరకులో మామూలు లాడ్జి గది తీసుకోండి, ఘాట్ మజా ఏమీ తగ్గదు.

దిగుడు గురించి ఒక్క మాట. ఎస్.కోట పెద్దాయన చెప్పింది నిజం, బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ములు చెయ్యి పెట్టలేనంత కాలిపోతాయి. మలుపుకి ముందే ముందూ వెనకా రెండూ కొద్దికొద్దిగా నొక్కి వదలాలి, వర్షం పడితే ఇంకా ముందే. గ్రూప్ టూర్ బుక్ చేసే ముందు బండి మీ ఒక్క గ్రూపుకేనా అని మెసేజ్‌లో రాయించుకోండి, ఎవరేం చెప్పినా సరే చలికోటు మాత్రం మీ సైకిల్‌కే కట్టుకోండి.

ఇంకోటి, బుకింగ్ టైంలో మనిషికి వెయ్యి డిపాజిట్ కూడా కట్టించుకున్నారు. తిరిగొచ్చాక టెంటు జిప్పు పోయిందని నాకు 600 కోశారు. మొదటి రాత్రే తీసిన ఫొటో పెడితే గంటలో ఫోన్‌పేలో వేసేశారు. మా వాడికి స్లీపింగ్ బ్యాగు మీద మరక అని 400 కోశారు, వాడి దగ్గర ఫొటో లేదు. రమ్మన్నది నువ్వే కదా బావా, ఆ నాలుగొందలూ నువ్వే ఇవ్వాలి అని ఇప్పటికీ అడుగుతున్నాడు.