దారం ఏ చేత పట్టాలి? నాలుగు నిట్టింగ్ పద్ధతులతో ఏళ్ల తరబడి అల్లాక నా సమీక్ష

నెల్లూరు ఎండల్లో ఉండి ఊలు అల్లడమేంటని మా వీధిలో ఇప్పటికీ అడుగుతుంటారు. మా బంధువుల పిల్లలు చాలామంది అమెరికా, కెనడాల్లో స్థిరపడ్డారు. వాళ్లకు బిడ్డలు పుడితే టోపీలు, సాక్సులు, చిన్న దుప్పట్లు ఇక్కడి నుంచే వెళ్తాయి. ఇక్కడి పసిపిల్లలకేమో కాటన్ దారంతో చేతుల్లేని జాకెట్లు అల్లుతాను. ఇన్నేళ్లలో ఇంగ్లిష్, కాంటినెంటల్, కాంబినేషన్, పోర్చుగీస్ అనే నాలుగు పద్ధతులు చేతికి అలవాటయ్యాయి. ఒక్కోదాంతో పెద్ద పెద్ద వస్తువులే పూర్తి చేశాను కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది కుట్టును ఎలా మారుస్తుందో నమ్మకంగా చెప్పగలను.

ముందుగా ఒక విషయం. చలి దేశాల వాళ్లు రాసే సలహాల్లో, కుట్లు కాస్త ఎగుడుదిగుడుగా వచ్చినా ఉతికి ఆరేస్తే సర్దుకుంటాయని ఉంటుంది. అసలైన గొర్రె ఊలు విషయంలో అది నిజమే. తడిపి, ఆకారానికి పరిచి ఆరబెడితే కుట్లు ఒకదానితో ఒకటి సమానమవుతాయి. మన దగ్గర దొరికేది ఎక్కువగా అక్రిలిక్, కాకపోతే కాటన్. కాటన్‌కు సాగే గుణం తక్కువ, ఎలా అల్లితే అలాగే ఉండిపోతుంది. అక్రిలిక్‌ను నీళ్లలో తడిపినా పెద్దగా మారదు. ఆవిరి పట్టిస్తే మారుతుంది కానీ వేడి కొంచెం ఎక్కువైతే జీవం పోయి నీరసంగా వేలాడుతుంది, ఇక వెనక్కి రాదు. అందుకే లుధియానా నుంచి వచ్చే అక్రిలిక్ ఉండలతో అల్లే మనలాంటి వాళ్లు ఊలు వాడేవాళ్లకంటే కుట్టు సమానంగా రావడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఆ సమానత్వం చాలావరకు దారం పట్టే పద్ధతి మీదే ఆధారపడి ఉంటుంది.

మన ఊళ్లలో బడిలో, కాన్వెంట్లలో క్రాఫ్ట్ క్లాసుల్లో నేర్పింది ఇంగ్లిష్ పద్ధతి. దారం కుడి చేతిలో ఉంటుంది. సూది దూర్చి, దారాన్ని చేత్తో సూది చుట్టూ వేసి, లూపు బయటికి లాగాలి. నేర్చుకోవడానికి ఇంతకంటే తేలికైనది లేదు. ప్రతి కుట్టుకూ ఏం జరుగుతోందో కళ్లకు కనిపిస్తుంది. దారం మీద అదుపు బాగుంటుంది, లావు దారంతో, జారిపోయే దారంతో కూడా చేయి తడబడదు. లోటు ఏంటంటే వేగం. ఒక్కో కుట్టుకు చేయి సూదిని వదిలి మళ్లీ పట్టుకోవాలి. లూపును ముందువైపుకు లాగే కుట్టు నిట్, వెనకవైపుకు లాగేది పర్ల్. రిబ్ అల్లేటప్పుడు, అంటే ఒక నిట్ ఒక పర్ల్ వేస్తూ పోయేటప్పుడు, ప్రతిసారీ దారాన్ని వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కు మార్చాలి. దుప్పటి అంచంతా రిబ్ అయితే మణికట్టు నుంచి భుజం దాకా నొప్పి. బిగువుకు మాత్రం వంక పెట్టలేను, నిదానంగా అల్లితే నిట్ వరుసలు అచ్చు పోసినట్టు వస్తాయి.

కావలిలో ఉండే మా పెద్దమ్మ నిట్టింగ్ అల్లదు. ఆమెది క్రోషా. లేసు అల్లే చేతులకు దారం ఎడమ చూపుడువేలి మీదే ఉంటుంది. నా అల్లిక కాసేపు చూసి, "ఏందిమా, ఒక్కో కుట్టుకు చెయ్యంతా తిప్పతా ఉండావు? దారం ఈ చేతిలో పెట్టుకుంటే అదే వస్తాది గదా," అంది. ఆమె చెప్పిందే కాంటినెంటల్ పద్ధతి. ఎడమ చూపుడువేలి మీద దారం బిగువుగా ఉంటుంది, కుడి సూది మొనతో దాన్ని లాక్కోవడమే. జర్మనీ వైపు ఇది సాధారణం. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నిట్టింగ్ రచయిత్రి ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అక్కడ దీన్ని బాగా ప్రచారం చేసింది. క్రోషా తెలిసినవాళ్లు మన కోస్తాలో ఇంటికొకరు ఉంటారు. వాళ్లు నిట్టింగ్ మొదలుపెడితే నేరుగా కాంటినెంటల్‌తోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. దారాన్ని చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టుకుని చూపుడువేలి మీదకు తెచ్చుకోవడం వాళ్లకు ముందే అలవాటు.

నిట్ కుట్టుకు కాంటినెంటల్‌ను మించింది నేను చూడలేదు. చేయి కదిలేది తక్కువ కాబట్టి పిల్లల దుప్పటి లాంటి పెద్ద పని రోజుల తరబడి చేసినా అలసట రాదు. పినాకిని రైల్లో విజయవాడ వెళ్లేటప్పుడు పక్కవాళ్లకు మోచేయి తగలకుండా అల్లుకోవచ్చు. చిక్కంతా పర్ల్‌తోనే. ఎడమ వేలితో దారాన్ని కిందికి దించి చుట్టించాలి, ఆ క్షణంలో బిగువు సడలుతుంది. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్‌గా సాగే సాదా బట్టలో పర్ల్ వరుస వదులుగా, నిట్ వరుస బిగుతుగా వస్తుంది. అల్లిన ముక్కను వెనక్కి తిప్పి చూస్తే రెండేసి వరుసలకు ఒక సందు గీతలా కనిపిస్తుంది. ఊలు అయితే ఉతుకుల్లో కొంత తగ్గుతుంది. కాటన్ జాకెట్ మీద ఆ గీతలు ఎప్పటికీ పోవు.

ఈ సందుకు కారణం దారం నడిచే దారిలో ఉంది. మామూలు పర్ల్‌లో దారం కుడి సూది పైనుంచి వెనక్కు వెళ్లి, కింద నుంచి ముందుకు వస్తుంది. దారి ఎక్కువ కాబట్టి దారమూ ఎక్కువ పడుతుంది, లూపు పెద్దదవుతుంది. కాంబినేషన్ అనే మూడో పద్ధతి ఇక్కడే సాయం చేస్తుంది. పర్ల్ వేసేటప్పుడు దారాన్ని సూది పైనుంచి తిప్పకుండా, సూది కింద ఉంచి మొనతో అలాగే వెనక్కు లాగేయాలి. దారి తగ్గింది, దారం తగ్గింది, కుట్టు నిట్ కుట్టంత చిన్నదయింది. చేతికి కూడా ఇది చాలా సుఖం. కాటన్‌తో నేను అల్లే జాకెట్లన్నీ ఈ పద్ధతికి మారాకే వెనక వైపు కూడా చూపించుకునేలా వచ్చాయి.

అయితే దీన్ని వాడాలంటే కుట్టు సూది మీద ఎలా కూర్చుంటుందో తెలియాలి. ఇది నిట్టింగ్ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం, కానీ మన దగ్గర ఎవరూ నేర్పరు. సూది మీద ప్రతి లూపుకూ రెండు కాళ్లుంటాయి. మామూలుగా చుట్టిన కుట్టులో, ఎడమ సూది మొనకు దగ్గరగా ఉండే కాలు ముందువైపు ఉంటుంది. కాంబినేషన్ పర్ల్ వేస్తే అదే కాలు సూది వెనకవైపుకు వెళ్తుంది. తర్వాతి వరుసలో అలవాటు కొద్దీ ముందు కాలులోకి సూది దూరిస్తే కుట్టు అడుగున మెలిపడుతుంది. మెలిపడిన కుట్టు సన్నగా, గట్టిగా ఉంటుంది, సాగదు. పసిబిడ్డ టోపీ అంతా అలా వస్తే తలకు ఎక్కదు. వెనక కాలులోకి దూర్చి నిట్ వేస్తే మెలి ఉండదు, బట్ట మామూలు బట్టే. ఏ పద్ధతిలో అల్లినా పనికొచ్చే సూత్రం ఒకటే. మొనకు దగ్గరగా ఏ కాలు ఉందో చూసి దాంట్లోకే సూది పెట్టాలి. ఇది పట్టుబడితే ఇంకొకరు సగం అల్లి వదిలేసిన ముక్కను కూడా ధైర్యంగా అందుకోవచ్చు.

కాంబినేషన్‌కు ఒక ఇబ్బంది ఉంది, దాచను. బొమ్మలు, చిల్లుల డిజైన్లు ఉన్న పుస్తకాలన్నీ ముందు కాలు పద్ధతినే దృష్టిలో పెట్టుకుని రాస్తారు. కుట్లు తగ్గించేటప్పుడు, రెండు కలిపి నిట్ వేస్తే కుడికి వాలుతుంది. ఎడమకు వాలాలంటే ఆ రెంటినీ ఒక్కొక్కటిగా జరిపి, తిప్పి, వెనక నుంచి కలపాలి. కాంబినేషన్ పర్ల్ వరుస తర్వాత ఇది తలకిందులవుతుంది. ఎడమ వాలు చాలా సులువు, వెనక నుంచి రెండూ కలిపేస్తే చాలు. కుడి వాలుకే ముందు రెండు కుట్లనూ తిప్పి పెట్టుకోవాలి. చిల్లుల డిజైన్ అల్లుతూ మధ్యలో ఇవన్నీ లెక్క చూసుకోవడం టెన్షన్. అందుకని సాదా బట్టకు కాంబినేషన్, లేసు డిజైన్లకు మామూలు పర్ల్ అని నా వరకు ఒక కట్టుబాటు పెట్టుకున్నాను.

ఎండ గురించి. ఏప్రిల్, మే నెలల్లో అరచేతులు చెమర్చితే అల్యూమినియం సూదుల మీద అక్రిలిక్ కదలనని మొరాయిస్తుంది. బలంగా తోస్తాం, దాంతో బిగువు మారిపోతుంది. వెదురు సూదులు చెమటను కొంత పీల్చుకుంటాయి. ఆ కాలంలో ఇంగ్లిష్ పద్ధతే నాకు నచ్చుతుంది, ఎందుకంటే కాంటినెంటల్‌లో దారం ఎడమ వేలి మీద నిరంతరం రాసుకుంటూ చెమటకు అతుక్కుంటుంది. చేతికి పౌడర్ రాసుకునేవాళ్లున్నారు, ముదురు రంగు దారం మీద తెల్ల మరకలు పడతాయి కాబట్టి నేను చెప్పను.

సూదుల నంబర్ల గురించి కూడా జాగ్రత్త. మన షాపుల్లో పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తున్నాయి, 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా డిజైన్లలో 8 అంటే 5 మిల్లీమీటర్లు, అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది. మిల్లీమీటర్లు చూసుకుంటే ఏ గొడవా ఉండదు.

పోర్చుగీస్ పద్ధతి చివరగా నేర్చుకున్నాను, ఇప్పుడు దాని మీద ప్రేమ ఎక్కువైంది. దారాన్ని మెడ చుట్టూ వేసుకునో, రొమ్ము దగ్గర పెట్టుకున్న కొక్కెం పిన్నులోంచి తెచ్చుకునో, ఎడమ బొటనవేలితో సూది మీదకు నెట్టడమే. దారం ఎప్పుడూ బట్టకు ముందువైపే ఉంటుంది, అందుకే పర్ల్ ఇందులో అన్నిటికంటే తేలిక. ఆండీస్ కొండల్లో చెవులు మూసే టోపీలను లోపలి వైపు నుంచి పర్ల్‌తోనే అల్లుతారు. మన ఉక్కపోతలో మెడ మీద ఊలు భరించలేం. దానికోసం కొక్కెం పిన్ను వెతుక్కోనక్కర్లేదు. చీర భుజం దగ్గర పెద్ద పిన్నీసు ఒకటి అడ్డంగా పెట్టి, దాంట్లోంచి దారం తీస్తే సరిపోతుంది. చిన్న పిన్నీసు చుట్ట దగ్గర దారం చిక్కుకుంటుంది, పెద్దదే వాడండి. బిగువు పిన్నీసు చూసుకుంటుంది కాబట్టి వేళ్లకు శ్రమ ఉండదు. వేళ్ల కీళ్లు నొప్పిగా ఉన్న రోజుల్లో నేను దీనికే మారతాను. నిట్ కుట్టు మాత్రం కొంచెం మెలికతో కూడిన పని. తాడులా మెలిపడే కేబుల్ డిజైన్లకు ఇది నాకు కుదరలేదు.

రెండు రంగులతో అల్లేటప్పుడు రెండు పద్ధతులు తెలిసి ఉండటం వరం. ఒక రంగు కుడి చేతిలో ఇంగ్లిష్‌గా, ఇంకోటి ఎడమ చేతిలో కాంటినెంటల్‌గా పట్టుకుంటే దారాలు మెలిపడవు. ఎడమ చేతి దారం వెనక కింది నుంచి నడుస్తుంది కాబట్టి ఆ రంగు బట్ట మీద కాస్త ఉబికి కనిపిస్తుంది. పువ్వో చుక్కో ఏ రంగుదైతే ఆ రంగును ఎడమ చేతికివ్వండి. మధ్యలో చేతులు మార్చితే డిజైన్ ఒకచోట వెలిగి ఇంకోచోట మసకబారుతుంది.

పద్ధతి మార్చితే కొలత మారుతుందన్నది చాలామంది పట్టించుకోరు. 220 కుట్ల స్వెట్టర్‌నే తీసుకోండి. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే చేతికి చుట్టుకొలత 100 సెంటీమీటర్లు. అదే దారం, అవే సూదులతో వేరే పద్ధతిలో 20 కుట్లే వస్తే అది 110 సెంటీమీటర్లవుతుంది. కాబట్టి శాంపిల్ ముక్కను అసలు వస్తువు ఏ పద్ధతిలో అల్లబోతున్నారో అదే పద్ధతిలో అల్లి కొలవాలి. టోపీ లాంటిది గుండ్రంగా అల్లితే శాంపిల్ కూడా గుండ్రంగానే అల్లాలి. గుండ్రపు అల్లికలో సాదా బట్టకు పర్ల్ వరుసే రాదు కనుక వెనక్కి ముందుకి అల్లిన ముక్క లెక్క దానికి సరిపోదు. స్వెట్టర్ ముందు భాగం ఒక పద్ధతిలో, వీపు ఇంకో పద్ధతిలో మాత్రం అల్లొద్దు. రెండూ కలిపి కుట్టేటప్పుడు పొడవులు కలవవు.

ఉన్న పద్ధతి వదలడం ఇష్టం లేనివాళ్లు కూడా ఆ సందుల గీతలను తగ్గించుకోవచ్చు. నిట్ వరుసను 4 మిల్లీమీటర్ల సూదితో, పర్ల్ వరుసను 3.75తో అల్లి చూడండి. మొనలు విప్పి మార్చుకునే వైరు సూదులుంటే ఒక కొసకు ఒకటి, రెండో కొసకు ఇంకొకటి బిగిస్తే సరి, వరుస మారినప్పుడల్లా సూది దానంతటదే మారుతుంది. ఏ మొనతో ఏ వరుసో గుర్తుండేందుకు సన్న మొన ఉన్న వైపు వైరుకు చిన్న రంగు దారం ముక్క కట్టుకోండి.