కథల పోటీ తీర్పు: మార్కులు మేలా, వరుస మేలా?

తిరుపతిలోనో చిత్తూరులోనో బడి, కాలేజీ పిల్లలకు కథల పోటీ పెట్టి ముగ్గురిని న్యాయనిర్ణేతలుగా కూర్చోబెడితే, తీర్పుకు రెండు దారులున్నాయి. ప్రతి కథకూ నూటికి మార్కులేసి ముగ్గురివీ కూడడం ఒకటి. ఎవరికి వారు మొదటిది, రెండోది, మూడోది అని వరుస పెట్టి ఆ అంకెలు కూడడం ఇంకొకటి. ఇందులో తక్కువ మొత్తం వచ్చిన కథే గెలుస్తుంది.

మార్కులైతే న్యాయంగా ఉంటుందనిపిస్తుంది. ఈ లెక్క చూడండి. 'క', 'గ', 'చ' అనే మూడు కథలకు మొదటాయన 70, 68, 65 వేశారు. రెండో ఆమె 69, 66, 64. మూడో ఆయన చెయ్యి ధారాళం, కోపమూ ఎక్కువే: 50, 60, 85. కూడితే 189, 194, 214. ఇద్దరు చివర పెట్టిన 'చ' గెలిచింది! వరుస కూడితే 5, 6, 7 వచ్చి 'క' గెలుస్తుంది. మార్కులు విచ్చలవిడిగా వేసే ఒక్కరు మిగతా ఇద్దరి మాటను మింగేస్తారు.

అలాగని అరవై కథలకు వరుస పెట్టడం ఎవరి తరమూ కాదు. ముప్పై మూడోదానికీ ముప్పై నాలుగోదానికీ తేడా ఏం చెప్తాం? తొలి వడపోతకు మార్కులే మేలు. కథకు పది నిమిషాలనుకున్నా అరవైకి పది గంటలు. ఒక కూర్చోవడంలో పదిహేను దాటితే కళ్లు చదువుతాయి గానీ మనసు చదవదు. అందుకే ఒకరు మొదటి నుంచి, ఒకరు చివరి నుంచి, ఒకరు నడిమి నుంచి మొదలెట్టాలి. లేదంటే అలసట దెబ్బ ఎప్పుడూ అవే కథల మీద పడుతుంది. పేరూ బడీ తీసేసి నంబరు మాత్రమే ఉంచాలి. చేతిరాత ప్రతులను టైపు చేయించాలి, ముత్యాల్లాంటి అక్షరాలు తెలియకుండానే మార్కులు లాగేస్తాయి.

మార్కుల పట్టికలో అక్షరదోషాలకు పదికి మించొద్దు. పాత్రలకూ కథనానికీ ముప్పై చొప్పున, ముగింపుకూ భాషకూ పదిహేను చొప్పున ఇస్తే చాలు. భాష దగ్గరే ఎక్కువ అన్యాయం జరుగుతుంది. 'అవ్వ రొంత సంగటి తట్టలో పెట్టి నా పక్క జరిపింది' అని ఒక పాప రాసిందనుకోండి. ఇక్కడ తట్ట అంటే కంచం. వేరే జిల్లా నుంచి వచ్చిన న్యాయనిర్ణేత గంప అనుకుని తప్పు గీత గీస్తారు. 'వస్తా ఉండాడు' కూడా అంతే. అది తప్పు కాదు, ఆ పిల్ల ఇంటి మాట. ముగ్గురిలో ఒకరైనా ఈ పక్క యాస తెలిసినవారు ఉండి తీరాలి.

ఎక్కువ మార్కులొచ్చిన పన్నెండు కథలు మిగిలాక మార్కులన్నీ చెరిపేసి వరుసకు మారాలి. వరుసకూ ఒక లోపముంది: ఒకరికి ప్రాణమైపోయి ఇద్దరికి నచ్చని సాహసపు కథ నలిగిపోయి, ఎవరికీ అభ్యంతరం లేని మామూలు కథ పైకొస్తుంది. అందుకే ఒక్కొక్కరికి ఒక కథను మళ్లీ బల్ల మీదకు తెచ్చే హక్కు ఇవ్వాలి. ఆ కథను అందరూ ఇంకోసారి చదివి, వరుస తిరిగి రాయాలి. రాసిన కాగితం ఇచ్చాకే మాట్లాడాలి. పెద్దాయన ముందుగా నోరు తెరిస్తే చిన్నవాళ్లు తలాడిస్తారు.

మొత్తాలు సమానమైతే ఎక్కువ మంది మొదటి స్థానమిచ్చిన కథకే బహుమతి. ఈ నియమం పోటీ ప్రకటనలోనే అచ్చువేయాలి.